అమ్మ ఒక్కపొద్దు

ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశానంటే చాలు, తిరుపతిలో మా వీధివాళ్ళు ఇప్పటికీ "ఎన్ని ఇమానాలు తోలినావన్నా?" అని అడుగుతారు. ఒక్కటీ తోలలేదప్పా, నేను నేలమీది మనిషిని, విమానం చక్రాలూ బ్రేకులూ చూసేవాణ్ణి అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. వీధివాళ్ళు నమ్మకపోతే పోయారు. యుద్ధం రోజుల్లో మా అమ్మే నమ్మలేదు.

అప్పటికి సత్యవేడులో మా ఇంటికి ఫోను లేదు. వారానికో ఉత్తరం రాసేవాణ్ణి. అమ్మకు చదువు రాదు, చెల్లెలు చదివి వినిపించేది. నేను పైకి ఎగరనని, కిందే ఉంటానని, భయపడొద్దని ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. నిజమే రాశాను. ఆమె చెవికెక్కలేదు.

యుద్ధం సాగుతుండగానే మాలో కొందరికి వంతులవారీగా కొద్ది రోజులు సెలవిచ్చారు. మద్రాసులో రైలు దిగి, తడ మీదుగా బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. అమ్మ నా ఒళ్ళంతా తడిమి చూసింది. సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి ఎదురుగా కూర్చుంది. తాను మాత్రం ముట్టలేదు.

"అమ్మ రేత్రి తినేది మానేసిందిన్నా," అంది చెల్లెలు. "యుద్ధం మొదలైనప్పటి నుంచీ దినామూ ఒక్కపొద్దే."

మా ఇళ్ళల్లో శనివారం కొండ మీది స్వామికి ఒక్కపొద్దుండటం మామూలే. పగలొకసారి తిని, రాత్రికి మంచినీళ్ళతో సరిపెట్టుకుంటారు. రోజూ ఉంటే మనిషేమవుతుంది? లైటు వెలుగులో చూస్తే అమ్మ దవడలు లోపలికి పోయి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

"నేను ఇమానం ఎక్కనని నీకు ఎన్నితూర్లు రాసినానమ్మా?"

"రాస్తావులే. హాస్టల్లో జరమొచ్చి పండుకున్నా బాగుండాననే రాసినోడివి గదా నువ్వు."

మాటలతో అయ్యే పని కాదని నా రెండు చేతులూ ఆమె ముందు చాపాను. గోళ్ళ సందుల్లో గ్రీజు, వేళ్ళ కణుపుల మీద దోక్కుపోయిన గాట్లు. బావి దగ్గర ఆయిలింజను విప్పి బిగించే మా నాయన చేతుల్ని ఆమె కిరసనాయిలు గుడ్డతో ఎన్నేళ్ళు తుడిచిందో. నా వేళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూసింది, వాసన చూసింది.

"ఇవి మీ నాయన చేతులే," అంది. "నువ్వు తోలేవోడివి కాదు. బిగించేవోడివే."

అని నవ్వింది. నేను లేచి పళ్ళెం తెచ్చి ఆమెకు సంగటి వడ్డించాను. ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దింది. నోటిదాకా పోయిన చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు కాకపోతే, దాన్నెక్కేదెవురురా?"

"ఒక ఆఫీసరు, అమ్మా. నా ఈడే. నేనే నిచ్చెనేసి ఎక్కించి, పట్టీలు బిగించి పంపిస్తా. దిగేటప్పుడు మళ్ళీ నేనే నిచ్చెనెయ్యాల."

"వాళ్ళమ్మ ఉండాదా?"

"ఉండాది. ఆమెకు ఉత్తరాలు రాస్తాంటాడు."

ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. "నీ చేత్తో ఎక్కించినోడు గదా. ఆయనా ఒకమ్మ కొడుకే. యుద్ధం అయిపోయి ఆ బిడ్డ బాగా దిగేదాకా నేను ఒక్కపొద్దుంటా పో."

బతిమాలాను, అరిచాను, నేనూ తిననని అలిగాను. మొండిది మా అమ్మ. సెలవు అయిపోయి బస్సెక్కేటప్పుడు కూడా ఒకటే మాట, "ఆ బిడ్డ దిగినాడా లేదా, దినామూ రాయి" అని.

రాశాను. రోజూ డ్యూటీ దిగాక ఒక్క వాక్యమైనా, "ఈ పొద్దూ దిగినాడు" అని. ఈ సంగతి ఆ ఆఫీసరుకు చెబితే ఆయన నిచ్చెన మీద నిలబడి పకపకా నవ్వాడు. తాను మూడు పూటలా తింటున్నానని, మీ అమ్మను కూడా తినమని రాయమన్నాడు. అదీ రాశాను. ఆయనంటే నాకు ప్రాణమైపోయింది ఆ రోజుల్లోనే.

ఒక మధ్యాహ్నం వెళ్ళిన ఆయన తిరిగి రాలేదు. నేను నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడ్డాను. పొద్దు వాలాక ఎవరో వచ్చి దాన్ని నా చేతుల్లోంచి తీసుకున్నారు. ఆ రోజు ఉత్తరం రాయలేదు. ఆ తర్వాతా రాయలేదు. ఏమని రాయను?

కొన్నాళ్ళకు చెల్లెలి చేతిరాతతో అమ్మ జాబు వచ్చింది.

"నాయనా, నీ జాబులు నిలిసిపోయినాయి. నీకేమన్నా అయ్యుంటే తంతి వచ్చుండేది. ఆ బిడ్డే దిగలేదని తెలిసిపోయినాది నాకు. నువ్వు సరిగ్గానే బిగించింటావు, అది మనసులో పెట్టుకోవాకు. వాళ్ళమ్మ యాడుంటాదో కనుక్కోని రాయి. ఆయమ్మకు తెలుగు రాకపోయినా ఏం లేదు. నేను పోయి పక్కన కూసుంటా, ఇంత ముద్ద కలిపి పెడతా. ఈ పొద్దన్నా ఆయమ్మ ఏమన్నా తినిందో లేదో."