కుడికాలి బ్రేకు

మా ఆవిడ నోరు మంచిది కాదని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. ఇవాళ మా ఇంట్లో ఇద్దరం ఉన్నామంటే ఆ నోటి చలవే.

కొండదారుల్లో తొక్కే కరెంటు సైకిళ్ళు రెండు మా అల్లుడు కొనిపెట్టాడు. నాకు నేర్చుకోవడానికేముంది? పత్తి బేరాలకని మోటారు సైకిలు మీద కనిగిరి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణి. ఆవిడకి స్కూటీ కూడా రాదు. అలాంటిది మంగళగిరిలో కూతురింట ఉన్న నెల్లాళ్ళూ అల్లుడి స్నేహితులతో తొక్కడం నేర్చుకుని, తిరిగొచ్చి నాకే పంతులమ్మై కూర్చుంది.

మిరపకాయలు ఎత్తేసిన కల్లంలో నన్ను రోజూ తొక్కించేది. "పల్లంలో దిగేటప్పుడు పెడల్ నొక్కొద్దండీ. పాదాలు సమానం! సీటు మీంచి లేచి నడుం వెనక్కి వెయ్యండి. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టండి. ముందుదొక్కటే బిగించారో, బోర్లా పడతారు."

నాకు ఒళ్ళు మండేది. "ఏమే, నాకు బండి నేర్పుతున్నావా?"

"ఇది బండి కాదు కాబట్టే నేర్పుతున్నా. ముందు మీ కుడికాలు సంగతి చూసుకోండి."

నిజమే, ఆ కుడికాలే నా జబ్బు. మోటారు సైకిలుకి బ్రేకు అక్కడే కదా! కంగారు పడితే చాలు, కాలు దానంతటదే నొక్కేస్తుంది. ఈ సైకిలుకేమో పెడల్ నొక్కగానే మోటారు అందుకుని ముందుకు తోస్తుంది. అలా ఓసారి కల్లం గట్టు మీదికి ఎక్కించాను కూడా. ఆవిడ నవ్వలేదు. "మళ్ళీ తొక్కండి" అంది.

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే హెల్మెట్లు బిగించుకుని కొండ ఎక్కాం. మోటారు పుణ్యమా అని ఆవిడ మోకాళ్ళు పేచీ పెట్టలేదు. దిగేటప్పుడు ఆవిడ ముందు, నేను వెనక. ఒక మలుపులో మేకల మంద అడ్డమొచ్చి ఆవిడ ఆగిపోయింది. దారి ఇరుకు, పక్కనంతా రాళ్ళ పల్లం. నేను మలుపు తిరిగి చూసేసరికి దగ్గరికొచ్చేశాను. ఓరి దేవుడా! కుడికాలు నొక్కేసింది. సైకిలు ఆవిడ మీదికి ఉరికింది.

"పాదాలు సమానం!" అని ఒక్క కేక పెట్టింది. తప్పుకోవడానికి ఆవిడకి చోటు లేదు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో ఏమో, బుర్రకంటే ముందు నా కాళ్ళే విన్నాయి. పాదాలు సర్దుకున్నాయి, నడుం వెనక్కి పోయింది, వేళ్ళు రెండు బ్రేకుల్నీ పట్టాయి. వెనక చక్రం కంకరలో కాస్త జారింది. ఆవిడకి జానెడు దూరంలో ఆగాను.

ఇంకొంచెం ఉంటే నేనే ఆవిణ్ణి పల్లంలోకి తోసేసేవాణ్ణి. పెళ్ళానికి కృతజ్ఞత చెప్పుకోవడం మా ఇళ్ళలో ఎవరికి అలవాటు? అయినా ఆగలేకపోయాను. "నీకు దణ్ణం పెట్టాలే" అన్నాను.

"దణ్ణం తర్వాత పెడుదురుగాని, ముందు ఆ బ్రేకులు వదలండి."

వదలడం నా వల్ల కాలేదు. ఆవిడే దగ్గరికొచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. విప్పాక నా చెయ్యి మాత్రం వదల్లేదు.