వదిన అరచెయ్యి కొలత

మొన్న మనవరాలు, బళ్ళో గీసుకు రమ్మన్నారని, నా చేతిని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలు తిప్పింది. "వేళ్ళు కలిపి పెట్టవ్వా, కదలబాక" అంది. వేళ్ళు కలపగానే మా వదిన గుర్తొచ్చింది. వదినంటే మా ఆయనకు అక్క. తొంభైల్లో పురసవాక్కం అనే అరవపేటలో ఒకే ఇంట్లో, ఒకే కుళాయి దగ్గర కలిసి బతికినవాళ్ళం. ఆమెకు సోరియాసిస్. మోచేతులు, మోకాళ్ళు, వీపు ఎర్రగా దద్దు కట్టి, తెల్లటి పొట్టు రాలేది. ఆమె లేచిన చాప మీద ఆ పొట్టు చూసి ఆమె కోడలు ముఖం తిప్పుకునేది. అంటుకునే జబ్బు కాదని డాక్టర్లు ఎంత చెప్పినా, నెలల బిడ్డను అత్త చేతికి ఇచ్చేది కాదు. వదినకు కావలసింది ఆ ఒక్కటే. ఒక ఆసుపత్రిలో కొత్త పూతమందును పరీక్షిస్తున్నారని తెలిసి పేరిచ్చింది. రెండు వారాలకోసారి తోడు వెళ్ళేదాన్ని నేనే.

అక్కడి డాక్టరమ్మ జబ్బును కొలిచే తీరు నాకు వింతగా ఉండేది. ఎవరి అరచెయ్యైనా, వేళ్ళతో సహా, వాళ్ళ ఒంట్లో నూరో వంతట. వదిన చేతిని లెక్కగా పెట్టుకుని ఎన్ని చేతుల మేర జబ్బుందో చూసి, ఎరుపెంత, మందమెంత, పొట్టెంత అని సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసేది. "బడిలో కూడా నాకిన్ని మార్కులు రాలేదే" అని వదిన నవ్వేది.

మొదటిసారి ఒంటి మీద పొట్టుతోనే వెళ్ళామని మాకు సిగ్గేసింది. డాక్టరు దగ్గరికి అట్లా పోతారా ఎవరైనా? తరవాత నుంచి, వెళ్ళే రోజు పొద్దున్నే కొబ్బరినూనె పట్టించి, నాననిచ్చి, సీకాయతో మెల్లగా రుద్ది పొట్టంతా తీసేసేదాన్ని. మార్కులు తగ్గుతూ వచ్చాయి. డాక్టరమ్మ సంతోషపడింది. వదిన ఆ మార్కులు ఇంట్లో చెప్పుకుంది. ఒకరోజు కోడలు బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. వదిన ఆ పూట అన్నానికి కూడా లేవలేదు.

నెలన్నర అట్లా గడిచింది. అంతలో మూడు రోజులు నీళ్ళ లారీ రాలేదు. తాగడానికే కటకటగా ఉంటే ఇక స్నానమెక్కడ? అట్లాగే వెళ్ళాం. డాక్టరమ్మ చూసి కలం ఆపింది. మందు పూయడం మానేశారా అని తమిళంలో అడిగింది.

"లేదమ్మా, నీళ్ళు లేక ఈసారి రుద్దలేదు" అన్నాను నేను. వదిన నన్ను గిల్లింది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. మందు చేసిన పనేదో మా చేతులు చేసిన పనేదో ఇక తెలియదనీ, ఈ కాగితాలు పరిశోధనకు పనికిరావనీ చెప్పి, అడ్డంగా గీత గీసింది. మామూలు పూతమందేదో రాసిచ్చి పంపేసింది. బస్సులో వదిన కిటికీలోంచి చూస్తూ, "ఆడ చెప్పింది చాలు. ఇంట్లో చెప్పబాకే" అంది.

నేను చెప్పలేదు. ఆ తరవాత వదిన నా చేత నూనె పట్టించుకోలేదు, మళ్ళీ పొట్టు రాలిన చాపే కోడలికి చెప్పేసింది. అప్పట్నుంచి ఎప్పుడడిగినా కోడలు "నిద్రపోతున్నాడత్తా" అనేది. తలుపు వెనక బిడ్డ కేరింతలు మా ఇద్దరికీ వినబడుతూనే ఉండేవి.

ఆ బిడ్డకిప్పుడు పెళ్ళయింది. వదిన లేదు. డాక్టరమ్మ ఒక్క గీతతో కొట్టేసిన ఆ నెలన్నరను నేను మాత్రం ఇన్నేళ్ళైనా కొట్టెయ్యలేకపోతున్నాను.