కంటి మీద రథచక్రం

పోయిన నెల కాలంచేసిన చిన్నాన్న బీరువా సర్దుతుంటే నిన్న నీలం మఖమల్ పెట్టె ఒకటి బయటపడింది. మూత తీయగానే కలరా ఉండల వాసన. లోపల కోణార్క్ సూర్యుడి గుడి స్మారకంగా వేసిన వెండి నాణెం, ఒకవైపు సింహాలు, రెండో వైపు రథచక్రం. చక్రం మీద నల్లటి మరక అలాగే ఉంది.

మా చిన్నప్పుడు మాఘమాసంలో చోడవరం గాలి తియ్యగా ఉండేది. చెరకు బళ్లు గెడలు రాల్చుకుంటూ పోతుంటే మేం వెనకాల పరిగెత్తేవాళ్లం. రథసప్తమి నాడు నాయనమ్మ మా తలల మీద జిల్లేడాకులూ రేగుపళ్లూ పెట్టి నీళ్లు పోసి, వాకిట్లో ఎండ పడేచోట పిడకల మీద పాలు పొంగించి, కొత్త బెల్లంతో వండిన, పొగ వాసన వేసే పాయసాన్ని చిక్కుడాకుల్లో పెట్టేది.

ఒక ఏడు ఆ పండక్కి నాలుగురోజుల ముందు, దేవరాపల్లిలో మేనత్త వాళ్ల తోటలో ఆడుకుంటుంటే చెల్లి రాజ్యం కంటికి చెరకాకు కోసుకుంది. కన్ను ఎర్రబడి నీరు కారేది. కళ్లిచ్చేది సూర్యనారాయణమూర్తేనని మా వైపు గట్టి నమ్మకం. చిన్నాన్న పోస్టులో తెప్పించుకుని, మమ్మల్ని ముట్టుకోనివ్వకుండా దాచుకున్న ఈ నాణేన్ని నాయనమ్మ పూజకని అడిగి తీసుకుంది. పూజ అయినా తిరిగి ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే చక్రానికి పాలతో అభిషేకం చేసి, ఆ తడి నాణేన్ని చెల్లి కంటికి అద్దేది. అమ్మ డాక్టరు మాటెత్తితే, “ఇంకో ఆదివారం సూద్దారే, దేవుడి కంటే డాక్టరు గొప్పోడేటి?” అనేది.

ఒకరోజు చిన్నాన్న నాణెం కోసం వచ్చాడు.

“నా కాసునేటి సేసేవే అమ్మా! నల్లగా అయిపోనాది!”

“పెట్టిలో పెట్టి ఊరేగిస్తావేట్రా? మన గుంటదాని కన్ను కంటే ఎక్కువా నీకది?”

నాణెం చేతులు మారింది. ఒకరు ఎండకు తిప్పి మరక చూపిస్తే, ఇంకొకరు కొంగుతో తుడిచి మెరుపు చూపించారు. చివరికి చిన్నాన్న దాన్ని చెల్లి ముఖం ముందు పెట్టి, “నువ్వే సెప్పవే, ఇది ముందులాగుందా?” అన్నాడు.

చెల్లి బాగున్న కంటిని అరచేత్తో మూసుకుని చూసింది. “ఈ కంటికి సెక్రమే అవుపడ్డం నేదు సిన్నాన్నా.”

అప్పుడు అందరూ ఆ కంటిలోకి చూశారు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర.

కంటికి పుండు పడిందని, ముందే తేవలసిందని విశాఖలో డాక్టరు చెప్పాడు. ఆ చూపు తిరిగి రాలేదు. తర్వాత కూడా నాయనమ్మ ఏటా పాయసం వండింది గానీ, చెల్లికి మాత్రం తలవంచుకునే వడ్డించేది.

ఇప్పుడు ఆ వాకిలి సిమెంటు గచ్చు. పిడకలు దొరకవు, పాలు గ్యాసు మీదే పొంగుతాయి. నాయనమ్మా లేదు.

ఈ ఉదయం రాజ్యం ఇంటికి వెళ్లాను. కూతుర్ని గోడ కేలండరుకు దూరంగా నిలబెట్టి, ఒక కన్ను మూయించి చదివిస్తోంది. ప్రతి ఆదివారం ఇదే తంతట. పిల్ల తిథి, వర్జ్యం మొదలుకుని అడుగున చిన్నక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు దాకా గబగబా చదివేసింది.

“అయిపోయిందమ్మా, ఆడుకోడానికి ఎల్లనా?”

“ఇప్పుడు రెండో కన్ను,” అంది రాజ్యం.