కాగజ్‌నగర్‌లో బాపు గొంతు

ఉదయం ఆరూ పదికి కరీంనగర్ బస్టాండులో నేనూ, బాపు అని పిలుచుకునే మా నాన్నా పెద్దపల్లి బస్సు ఎక్కాం. నా బ్యాగులో ఒక పూటకు సరిపడా సర్వపిండి రొట్టెలు, నీళ్ల సీసా, బాపు మెడకు కట్టుకునే తెల్ల రుమాళ్లు మూడు, పాత తువ్వాలలో చుట్టిన ఒక మినీడిస్క్ ప్లేయరు ఉన్నాయి. ఈ ప్రయాణమంతా ఆ ప్లేయరు కోసమే.

అది అరచేతిలో ఇమిడే యంత్రం. పలుచని ప్లాస్టిక్ డబ్బాలో ఉండే చిన్న డిస్కును లోపల పెడితే పాడుతుంది, ఎర్ర బటన్ నొక్కితే రికార్డు చేస్తుంది. ఇరవై ఏళ్ల కిందట మా అక్క భర్త, అంటే మా బావ, తనకొకటి ఉంచుకుని దీన్ని దుబాయి నుంచి తెచ్చాడు. అప్పట్లో మా ఇంట్లో ఉత్తరం రాసే ఓపిక ఎవరికీ లేదు. మాటలు రికార్డు చేసి, సెలవుకు వచ్చి పోయేవాళ్ల చేతికిచ్చి బావకు పంపేవాళ్లం. ఆయన వినేసి, దాని మీదే తన మాటలు రికార్డు చేసి తిరిగి పంపేవాడు. వాటిలో ఆయన చెరపకుండా దాచుకుని, దుబాయి విడిచి వచ్చేటప్పుడు వెంట తెచ్చిన డిస్కు ఒక్కటే. దాని మీద మా బాపు మాట్లాడాడు.

బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి మీద బ్యాంక్స్‌మన్‌గా చేశాడు. మనుషుల్ని బాయిలోకి దింపే ఇనుప బోనుకు గంట కొట్టే పని. పదమూడేళ్ల కిందట గొంతులో గడ్డ లేస్తే హైదరాబాదులో ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేశారు. మనిషి దక్కాడు, మాట పోయింది. అప్పుడు మా చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లు, వీడియోలేమీ లేవు. అప్పటినుంచి ఇంట్లో బాయి గంట లెక్కే నడుస్తోంది. చేతి ఉంగరంతో ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లయితే దించు, మూడుసార్లయితే మనుషులు ఎక్కుతున్నారు. కూర చాలంటే కంచం మీద ఒకటి, చుట్టాలొస్తే తలుపు మీద మూడు. ఇంకేమైనా చెప్పాలంటే జేబులోని నోటుబుక్కులో రాస్తాడు.

ఆపరేషన్ తర్వాత ఆ డిస్కు పెడదామని ఎన్నిసార్లు అన్నా ఒకటే కొట్టేవాడు. మేమూ అడగడం మానేశాం. అలాంటిది మూడు వారాల కిందట, నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే నోటుబుక్కు నా ముందు పెట్టాడు. "నా గొంతు ఎట్లుండెనో మర్సిపోయిన బిడ్డా. గా డిస్కు జర పెట్టు" అని రాసి ఉంది.

పెట్టాను. తెర మీద 'నో డిస్క్' అని వచ్చింది. పెన్సిల్ సెల్లు మార్చాను, సెల్లు తగిలే చోట తుప్పు గీకాను, డిస్కు తీసి మళ్లీ పెట్టాను. అదే మాట. నాకు అసలే ఓపిక తక్కువ. విసుగెత్తి కనిపించిన బటనల్లా నొక్కుతూ పోయాను, అందులో ఎర్ర బటన్ కూడా ఉందని నొక్కాక తెలిసింది. బాపు మాట చెరిగిపోయిందేమో! ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, బాపుకు అసలే చెప్పలేదు. కరీంనగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే నలుగురూ "గివి ఇప్పుడు ఎవలు వాడుతుండ్రు మేడం, పడేయుండ్రి" అన్నారు. చివరికి మా బడిలో పనిచేసే కాగజ్‌నగర్ టీచరమ్మ, తమ వాడకట్టులో ఖలీల్ భాయ్ అనే పాత మెకానిక్ ఉన్నాడని చెప్పింది.

బస్సులో ఆధార్ చూపిస్తే నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు, బాపుకు మామూలు టికెట్టు. ఆఖరి మనిషి ఎక్కగానే బాపు అలవాటుగా కడ్డీ మీద మూడు కొట్టాడు. డ్రైవరు బండి కదిలించేశాడు. కండక్టరమ్మ నోట్లోని ఈల తీసి వెనక్కి తిరిగి, "ఏంది తాతా, నా సీటి మీద నమ్మకం లేదా?" అంది. బాపు నవ్వాడు. ఆయన నవ్వుకు చప్పుడుండదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయి.

ఏడూ ఇరవైకి పెద్దపల్లి స్టేషన్ చేరాం. రైలు పాతిక నిమిషాలు ఆలస్యం. మీరూ ఇలాంటి యంత్రంతో పోతుంటే, చలికాలం పొద్దున ప్లాట్‌ఫారం మీద దాన్ని బయటికి తీయకండి. నేను తీశాను. చల్లగా ఉన్న దాన్ని టీ కప్పు పక్కన పెట్టేసరికి అద్దానికి చెమట పట్టింది, మళ్లీ తువ్వాలలో చుట్టాను.

జనరల్ పెట్టెలో కిటికీ పక్కన బాపుకు చోటు దొరికింది. రామగుండం దాటి గోదావరి వంతెన మీదికి రాగానే అందరిలాగే ఆయనా ఒక రూపాయి విసిరి దండం పెట్టాడు. దేనికోసం మొక్కుకున్నాడో నేను అడగలేదు. లోపల ఎర్ర బటనే మెదులుతోంది. ఆ డిస్కు నా చేతుల మీదుగా చెరిగిపోయి ఉంటే ఈయన మొహం ఎట్లా చూడాలి?

మంచిర్యాలలో ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో పని, బిడ్డ ఇంటికి వచ్చి తిరిగి పోతున్నాడు. బాపు మెడ మీది రుమాలు చూసి, మాట పోయిందని నేను చెప్పాక, జరిగి ఆయన పక్కనే కూర్చున్నాడు.

"మా మిల్లు నాలుగేండ్లు బంద్ ఉండె కాకా. సైరన్ లేక టైమే తెల్వకపోతుండె. మల్ల మోగిన నాడు మా ఆమె పొయ్యి మీది పాలు ఇడిసిపెట్టి బయటికి ఉరికింది" అన్నాడు.

"పాలు?" అన్నాను.

"పొంగినయి. ఎవలు తిడుతరు గా దినం?"

బాపు అతని మోకాలు మీద చెయ్యి వేసి చాలాసేపు అట్లాగే ఉంచాడు. బెల్లంపల్లి దాటాక అడవి మొదలైంది. ముగ్గురం సర్వపిండి తిన్నాం, ఆయన తన సంచిలోంచి జామకాయలు తీసి ఇచ్చాడు. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో జనం దిగాక పెట్టె ఖాళీ అయ్యింది. కాగజ్‌నగర్‌లో దిగేసరికి పదీ పది.

స్టేషన్ బయట అటుకుల పోహా, టీ తీసుకుని ఆటో ఎక్కాం. ఖలీల్ భాయ్ దుకాణం మార్కెట్ వెనక సందులో, కుట్టుమిషన్ల దుకాణం పక్కన ఉంది. బోర్డు లేదు కాబట్టి పేరు చెప్పి అడగాలి. డెబ్బై దాటిన మనిషి. నుదుటికి భూతద్దం కట్టుకుని ఒక రేడియో విప్పుకుని కూర్చున్నాడు. ప్లేయరు చూడగానే రేడియో పక్కన పెట్టేశాడు.

"యా అల్లా, దీన్ని చూసి ఎన్నేండ్లాయె! కూసోండ్రి భాయ్‌సాబ్. ఏమంటుంది గిది?"

బాపు మాట పోయి పదమూడేళ్లయిందనీ, ఇది బావ దాచి తెచ్చిన డిస్కనీ, తెర మీద 'నో డిస్క్' అంటోందనీ చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాలనిపించింది. చెప్పకపోతే ఆయన పని తప్పుదారి పడుతుందేమో అనుకుని, బాపు వైపు చూడకుండా, ఎర్ర బటన్ నొక్కిన సంగతి చెప్పేశాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

 ఖలీల్ భాయ్ డిస్కు తీసి, దాని మూలన ఉన్న బుల్లి కిటికీ లాంటి సందును గోటితో చూపించాడు. "గీ కిటికి తెరిచి ఉన్నది చూడు బేటీ. మీ బావ హుషార్ మనిషి. గిది తెరిచి ఉంటే నువ్వు ఎర్ర బటన్ నూరుసార్లు నొక్కు, మీద రాయదు. ఇంకో మాట. డిస్కే కనవడని మిషన్ దాన్ని చెరుపుడు ఎట్ల చేస్తది? పరేషాన్ గాకు."

మూడు వారాలుగా గుండెల మీద ఉన్న బరువు ఆ రెండు మాటలతో దిగిపోయింది. బాపు నా వీపు మీద ఉంగరంతో మెల్లగా రెండు కొట్టాడు. దించు అని.

ఖలీల్ భాయ్ మూత తెరిచి టార్చి వేసి, భూతద్దం కంటి మీదికి లాక్కున్నాడు.  తర్వాత పకపకా నవ్వాడు.

"లోపల కుంకుమ ఉన్నది."

వంగి చూశాను. కంటిపాపంత లెన్సు. దాని చుట్టూ ఎర్రటి పొడి, సందుల్లో పసుపు. బాపు వైపు తిరిగేసరికి ఆయన నోటుబుక్కు తీసి తల వంచుకుని రాస్తున్నాడు. "దసరాకు నేనే పెట్టిన. పైన పెడితే తుడుసుకపోతదని లోపల పెట్టిన."

దసరా నాడు బాయి మీద గంట నుంచి ఇంజను దాకా అన్నిటికీ బొట్టు పెట్టిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో మిక్సీకి, నా స్కూటీకి, టీవీ రిమోటుకు కూడా పెడతాడు. తన గొంతు దాగి ఉన్న యంత్రానికి పెట్టకుండా ఉంటాడా! వినే ధైర్యం లేని పదమూడేళ్లూ, ఏడాదికోసారి మూత తెరిచి దానికి పూజ చేస్తూనే ఉన్నాడన్నమాట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పదమూడు పండుగలు మింగింది గీ మిషన్. ఇగ దాని కండ్లు కడుగుదాం" అన్నాడు ఖలీల్ భాయ్.

ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. తర్వాత దూది పుల్లకు ఒక్క చుక్క స్పిరిట్ అంటించి, లెన్సును నొక్కకుండా పైపైన తుడిచాడు. నోటితో ఊదొద్దని, ఊదితే ఉమ్మి తుంపర పడి అద్దం మీద మరక కడుతుందని చెప్పాడు. పావుగంట ఆరనిచ్చాక డిస్కు పెట్టి మూత వేశాడు. ప్లే నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. బాపు చెయ్యి నా చెయ్యి పట్టుకుంది.

ఖలీల్ భాయ్ యంత్రాన్ని తిప్పి చూసి, బటన్లు పనిచేయకుండా ఆపే పక్కనున్న చిన్న మీటను వెనక్కి జరిపాడు. "హోల్డ్ పడి ఉన్నది. బ్యాగుల రాసుకున్నట్టుంది. సగం మంది గిందుకే బాగుచేయించ వస్తరు" అన్నాడు.

డిస్కు తిరిగిన సన్నటి చప్పుడు వినబడింది. తెర మీద అంకెలు వచ్చాయి. ఇయర్‌ఫోన్లు బాపు చెవుల్లో పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత ఒక ఇయర్‌ఫోను తీసి నా చెవికి పెట్టాడు.

"అల్లుడా, నేను మీ మామను మాట్లాడుతున్న. ఇక్కడ అందరం మంచిగున్నం, ఫికర్ జెయ్యకు. గా ఏసీ కింద పండకు, నడుము పట్టుకుంటది..."

బాయి మీద యంత్రాల హోరులో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. నేను కూడా మరిచిపోయానని అప్పుడే తెలిసింది. మైకు మూతికి ఆనించుకుని మాట్లాడాడేమో, అక్కడక్కడ మాట చిట్లింది. ఇంతలో వెనకనుంచి మా అమ్మ గొంతు, మేం అవ్వ అంటాం. "గంత గట్టిగ ఒర్రుతవేంది? జర మెల్లగ మాట్లాడరాదు, అల్లునికి చెవులున్నయి." పెళ్లయిన నాటి నుంచి ఆపరేషన్ దాకా అవ్వ ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటుందో. బాపు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

ఆ తర్వాత కాపీ పని. దీన్ని వైరుతో లాప్‌టాప్‌కు కలిపినా ఫైలు దానంతటది రాదు. ఇయర్‌ఫోను పెట్టే రంధ్రం నుంచి లాప్‌టాప్‌కు వైరు పెట్టి, పాడనిచ్చి రికార్డు చేసుకోవాలి. అందుకే ఎన్ని నిమిషాల మాట ఉంటే అన్ని నిమిషాలూ కూర్చోవాల్సిందే. ఖలీల్ భాయ్ తన లాప్‌టాప్ తెచ్చి, ముందు కొత్త సెల్లు వేశాడు. సౌండు సగానికి కొంచెం పైన ఉంచి, గట్టిగా మాట్లాడిన చోట ఒకసారి పరీక్షించి, అప్పుడు మొదటినుంచి నడిపాడు. బాపు మాట ఇరవై ఆరు నిమిషాలు. అంతసేపూ బల్లను ఎవరినీ తాకనివ్వలేదు. ఎప్పుడైనా ఇందులో కొత్తగా రికార్డు చేస్తే, ఆపిన వెంటనే సెల్లు గుంజొద్దని కూడా చెప్పాడు. ఏది ఎక్కడుందో డిస్కు చివర్లో రాసుకుంటుందట, ఆ రాత పూర్తికాక ముందే కరెంటు పోతే చెప్పిందంతా గల్లంతే. ఫైలును నా ఫోనులోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఎంతివ్వాలని అడిగితే సెల్లు డబ్బులు తీసుకుని ఊరుకున్నాడు.

లేవబోతుంటే బాపు నోటుబుక్కులో రాసి ఆయనకు చూపించాడు. "వచ్చే దసరాకు ఎక్కడ పెట్టాలె?"

"మూత మీద పెట్టుండ్రి భాయ్‌సాబ్, లోపల వద్దు" అన్నాడు ఖలీల్ భాయ్, బాపు రెండు చేతులూ పట్టుకుని.

స్టేషన్ దగ్గర జొన్నరొట్టె, పప్పు తిని రెండూ నలభై రైలు పట్టుకున్నాం. పెద్దపల్లి వరకూ బాపు హాయిగా నిద్రపోయాడు. నేనూ కునుకు తీశాను, మూడు వారాల తర్వాత. ఇలాంటి యంత్రం మీ ఇంట్లోనూ ఏ బీరువాలోనో ఉంటే పడేయకండి, ఒకరోజు సెలవు పెట్టండి. పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు, పెద్ద పనల్లా కాపీ అయ్యేదాకా కూర్చోవడమే.

ఐదింటికి కరీంనగర్ బస్సు ఎక్కాక అవ్వకు ఫోను చేశాను. "అయ్యిందా? గా మనిషి ఏమన్న తిన్నడా?" అంది. తిన్నాడని చెప్పి, ఒక నిమిషం చెవి పెట్టి వినమన్నాను. కాపీ ఉంది కదా, ఇక భయం లేదు. ప్లేయరు మొదటినుంచి పెట్టి, ఇయర్‌ఫోనును నా ఫోను మైకుకు ఆనించాను. బాపు వంగి నా ఫోను వైపే చూస్తున్నాడు.

 లైను తెగిపోయిందేమో అనుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. అవ్వ ఊపిరి వినబడింది.

"మంచిగ ఇనవడుత లేదే" అంది. "జర గట్టిగ మాట్లాడుమను."

ఆ మాట బాపుకు చెప్పాను. ఆయన నా చేతిలోంచి ప్లేయరు తీసుకుని, సౌండు మొత్తం పెంచాడు.