గాల్లో ఆగిన దరువు

రెండువేల నాలుగు, వానాకాలం. అప్పుడు నేను చేవెళ్ల, మొయినాబాద్ మండలాలకు ఒక దినపత్రిక విలేకరిని. హైటెక్ సిటీ వెలుగు మెల్లగా మా వైపు పాకుతున్న రోజులవి. నేను పంపే వార్తల్లో సగం భూములవే. మక్కచేన్ల మధ్య హద్దురాళ్లు, వాటి మీద రంగుజెండాలు. ఒకరోజు డెస్క్ నుంచి, అంటే మా వార్తలను దిద్ది పేజీలో పెట్టే విభాగం నుంచి, ఫోన్ వచ్చింది. చిన్న మంగళారంలో ఒక పాత రాక్ డ్రమ్మర్ ఉంటున్నాడట, ఫీచర్ రాయమన్నారు. ఫీచర్ అంటే తొందరలేని వార్త.

అతని పేరు రోనీ. సికింద్రాబాద్ మనిషి. స్నేహితుని ఫామ్‌హౌస్‌ను చూసుకుంటూ అక్కడే ఉంటున్నాడు. నేను వెళ్లేసరికి వరండాలో డ్రమ్ముల నడుమ కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. కుడిచెయ్యి వణుకుతోంది.

"ఏం రాస్తవన్నా నా గురించి? తాగిండు, కొట్టిండు, తన్నులు తిన్నడు. అయిపాయె," అని నవ్వాడు.

అంతటితో అయిపోలేదు. బొంబాయి క్లబ్బులో ఒకసారి పాట మధ్యలో పెద్ద డ్రమ్మును జనంలోకి తన్నాడు. బుల్లెట్ బండి వెనుక డ్రమ్ములు కట్టుకుని గండిపేట కట్ట మీదికి వచ్చి, పొద్దుగూకేదాకా నీళ్లకు కచేరీ వినిపించాడు. రెండు పెళ్లిళ్లూ నిలవలేదు. స్టూడియో యజమానితో గొడవపడి, తను వాయించిన టేపులన్నీ తనే కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేశాడు. వాటి మీదుగా సిటీ బస్సు వెళ్లిపోయింది. అన్నేళ్లు వాయించిన మనిషి చప్పుడు ఎక్కడా మిగల్లేదు.

"గీ చెయ్యి ఎక్కువ రోజులు ఆగదు. పోయేలోపు ఒక్క ముక్కన్నా ఉండాలె గదన్నా," అన్నాడు, చిక్కుడుకాయల వైపే చూస్తూ.

ఆ ముక్క కోసమే ఆదివారం శేఖర్ వచ్చాడు. ఒకప్పుడు అదే బృందంలో గిటార్ వాయించేవాడు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. అరచేతిలో పట్టేంత రికార్డర్ తెచ్చాడు. సాయంత్రం షిఫ్టుకు తిరిగి వెళ్లాలి. నేనూ వెళ్లాను. సన్నగా ముసురు. తోటంతా పొగమంచులా తెల్లగా ఉంది.

ఆ తోటపని చేసే నర్సింలుది ఆలూరు అనే ఊరు. పెళ్లిళ్లకు డప్పు కొడతాడు. తడికి డప్పు తోలు మెత్తబడుతుంది. అందుకే వాయించే ముందు గడ్డిమంట మీద కాపుతారు. అతడు షెడ్డులో మంటవేసి ముందు తన డప్పును వేడెక్కించాడు. తర్వాత, సారుకు ఇది పెద్ద రోజు కదా అని, స్నేర్‌ను కూడా మంట మీద పట్టాడు. స్నేర్ అంటే అడుగున తీగలు బిగించిన చిన్న డ్రమ్ము. రాక్ పాటకు అదే వెన్నెముక. మేము వెళ్లేసరికి దాని పైపొరకు అరచేయంత రంధ్రం పడింది.

"ముసురుకు మెత్తవడ్డదనుకున్న సారూ. జర కాపుదామని..." నర్సింలు డ్రమ్మును కింద పెట్టాడు.

"అది తోలు కాదయ్యా, ప్లాస్టిక్!" శేఖర్ తల పట్టుకున్నాడు. "ఇంకోటి కూడా లేదు. అయిపోయింది ఇగ."

రోనీ డ్రమ్మును ఎత్తి ఆ రంధ్రంలోంచి నర్సింలును చూశాడు.

"ఎన్ని డ్రమ్ములు పలగ్గొట్టిన్నో నాకే తెల్వదు. గిట్ల కాల్చుడు మాత్రం ఎన్నడు తోచలే. నీ డప్పు వేడిగ ఉన్నదా?"

"ఉన్నది సారు."

"అయితే రా, పక్కకు కూసో. స్నేర్ దెబ్బ నీది."

రోనీ కాలితో పెద్ద డ్రమ్మును మోగించాడు. నర్సింలు తొందరపడి ముందే డప్పు మీద దెబ్బ వేశాడు.

"ఆగు, ఆగు. దెబ్బ వస్తదని అందరికీ తెల్వాలె. అయినా ఒక్క రవ్వ ఆపు. అప్పుడు వెయ్యి."

"ఆపితే ఆడేటోళ్లు పడిపోతరు సారూ!"

"పడరు. గాల్ల ఉంటరు."

మధ్యాహ్నమంతా అదే పాఠం. ఎప్పుడు కుదిరిందో గుర్తులేదు. ఉన్నట్టుండి రోనీ చేతి వణుకు కనిపించలేదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ చిన్న ఖాళీ. ఆ ఖాళీలో చెట్ల మీది చినుకులు కూడా ఆగినట్టు అనిపించింది.

శేఖర్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. ముఖం మాడిపోయింది. డప్పు హోరును ఆ చిన్న మైకు తట్టుకోలేదు. మొదటి నుంచి చివరి దాకా పగిలిన రొదే. రోనీ కూడా విని, ఇయర్‌ఫోన్ తీసి నర్సింలు చెవిలో పెట్టాడు.

"విను. మనిద్దరం కలిసి దాన్ని గూడ పలగ్గొట్టినం."

షిఫ్టుకు వేళయిందని, మంచి మైకుతో మళ్లీ వస్తానని శేఖర్ వెళ్లిపోయాడు. అతడు వచ్చేలోపే, ఆ చలికాలంలో రోనీ పోయాడు. నా ఫీచర్ అచ్చయింది. అతడు వాయించినది ఏదీ మిగల్లేదన్నది అందులో చివరి వాక్యం.

మూడు నాలుగేళ్లకు ఒక మధ్యాహ్నం మోకిల దగ్గర పెళ్లి ఊరేగింపు అడ్డొచ్చింది. కొత్త విల్లాల ప్రహరీల మధ్య బండి ఆపి నిలబడ్డాను. డప్పులు జోరందుకుని, హఠాత్తుగా ఒక్క రవ్వ ఆగాయి. ఆడుతున్నవాళ్లంతా కాళ్లెత్తి అలాగే ఉన్నారు. ఒక్కరూ పడలేదు. అప్పుడు పడింది దెబ్బ.

వాయించేవాళ్లలో నర్సింలు లేడు. ఎక్కడ నేర్చుకున్నారని ఒకతన్ని అడిగాను.

"ఆలూరు దరువన్నా. మావోళ్లు మొదట్నుంచి గిట్లనే కొడ్తరు," అన్నాడు.

రోనీ అని నేనేదో చెప్పబోయేలోపు మళ్లీ డప్పులు అందుకున్నాయి. ఆ తర్వాత ఎందరివో మరణవార్తలు రాశాను. ఫలానా మనిషిది ఏమీ మిగల్లేదని రాయాల్సి వచ్చిన ప్రతిసారీ కలం ఒక్క రవ్వ ఆపుతాను.