పెద్దమ్మ నొప్పి పేరు

నాగర్‌కర్నూల్‌లో నేను చేసేది పాథాలజిస్టు పని. ఆపరేషన్‌లో తీసిన భాగాలను కోసి, మైక్రోస్కోపు కింద చూసి, డాక్టర్లు ముందు అనుకున్న జబ్బే లోపల ఉందో లేదో చెప్పాలి. ఆ భాగాలు ఎవరివో నాకు సాధారణంగా తెలియదు. ఒక్కసారి మాత్రం డబ్బా మీద మా పెద్దమ్మ పేరు ఉంది.

పెద్దమ్మ వాళ్లది లింగాల దగ్గర ఊరు. పత్తి ఏరడానికి దిగితే పక్క సాళ్లవాళ్లను దాటుకుంటూ పోయేది. నెలసరి వచ్చిందంటే మాత్రం నడుము పట్టుకుని గట్టు మీద కూలబడేది. ఆ రోజుల్లో రొట్టెలు పెద్దనాయిన చేసేవాడు. చేస్తూనే, ఆడవాళ్లందరికీ ఉండేదే కదా అని గొణుక్కునేవాడు.

పోయినేడు రక్తస్రావం మరీ ఎక్కువై మనిషి పాలిపోయింది. స్కానింగ్‌లో గర్భసంచిలో చిన్న గడ్డ కనిపించింది. మాత్రలకు లొంగలేదు. తీసేయడమే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. అంత చిన్న గడ్డకు ఇంత నొప్పేమిటని ఆమెకూ అనుమానంగానే ఉండేది. పెద్దమ్మ భయం వేరు. క్యాన్సరేమోనని ఆమె మనసులో పడిపోయింది. ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వే చూడు. వేరేటోళ్లకు ఇయ్యకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

సరేనన్నాను. తీరా గర్భసంచి బల్ల మీదికి వచ్చాక కత్తి పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను. నాతో కలిసి పెరిగిన అక్కనూ తమ్ముణ్నీ మోసింది అదే. తర్వాత కోశాను. గడ్డ ఉన్నమాట నిజమే, రేగుపండంత. కానీ గోడ ఉండాల్సిన దానికంటే బాగా మందంగా ఉంది, అందులో అక్కడక్కడా సూదిమొనంత నెత్తుటి చుక్కలు. స్లైడ్లు తయారయ్యాక సంగతి తేలింది. గర్భసంచి లోపలి పొర, గోడ కండలోకి చొచ్చుకుపోయింది. దాన్ని అడినోమయోసిస్ అంటారు. క్యాన్సర్ ఎక్కడా లేదు. నా మనిషి కాబట్టి నా కళ్లను నేను నమ్మలేదు. నాకంటే పెద్దవాడైన ఒక పాథాలజిస్టుకు చూపించాను. ఆయనా అదే మాట అన్నాడు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. సంగతి విని, అందుకేనా అంత నొప్పి అంది. జబ్బు పేరు మారినా చేసిన ఆపరేషన్ సరైనదేనని ఇద్దరం అనుకున్నాం. క్యాన్సర్ కాదని పెద్దమ్మకు ఆ రోజే చెప్పాను.

పెద్దనాయినతో కలిసి కుట్లు చూపించుకోవడానికి వచ్చిన రోజు పెద్దమ్మను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

"గింత మంచిగున్నదేంది?" అంది. "గులాబిరంగు చీర మీద వంకాయరంగు పూలు ఏసినట్టున్నది."

ఆ పూలు లోపలి పొరలో ఉండాల్సినవని, దారితప్పి కండలోకి వచ్చాయని, నెలనెలా అక్కడే నెత్తురు కారి బయటికి దారి లేక గోడ ఉబ్బేదని చెప్పాను. ఆమె మెల్లగా తలెత్తింది.

"అయితే నా నొప్పి నిజంగ ఉన్నదే అన్నట్టు."

"ఉన్నదే పెద్దమ్మా. చిన్నది గూడ గాదు."

పెద్దనాయిన అద్దాలు తీసి జేబులో పెట్టుకుని తానూ చూస్తానన్నాడు. చాలాసేపు చూశాడు. కనిపిస్తోందా అని పెద్దమ్మ అడిగితే తలూపాడు. కన్ను తియ్యకుండానే అన్నాడు:

"గింత నొప్పి పెట్టుకోని పత్తి ఏరినవా? నాకు తెల్వకపాయె."

"నాకు మాత్రం తెల్సిందా?" అంది పెద్దమ్మ.

ఆ మాటలో కోపం లేదు. చెయ్యి మాత్రం పోయి ఆయన వీపు మీద ఆనింది.

నా కోసం తెచ్చిన పల్లీల సంచి బల్ల మీద పెట్టి ఇద్దరూ బస్టాండుకు బయలుదేరారు. వాకిట్లో నిలబడి చూశాను. పెద్దనాయిన ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. బజార్లో అందరూ చూస్తున్నారని ఆమె తిడుతూనే ఉంది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.