చదవకుండా వేయించిన వేలిముద్ర

పెడనలో నేను గుమస్తాగా ఉన్న కలంకారీ కార్ఖానాలో ఒక మీటింగు పుస్తకం ఉంది. బట్ట కొనే కంపెనీవాళ్ళు పట్టుబట్టడంతో మా యజమాని వర్కర్స్ కమిటీ పెట్టాడు. పనివాళ్ళను అడక్కుండా పనిలో ఏ మార్పూ చేయకూడదన్నది వాళ్ళ షరతు. పుస్తకం రాసే పని నా మెడకు చుట్టుకుంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? మీటింగు లేకుండానే పొద్దున్నే 'అందరూ ఒప్పుకున్నారు' అని రాసేసి, భోజనాల వేళ సంతకాలూ వేలిముద్రలూ తీసుకునేవాణ్ణి.

మొన్న వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేశారు. అచ్చులు వేసిన బట్టను ఎర్రరంగులో ఉడకబెట్టే ముందు పారే నీళ్ళలో జాడించాలి, రంగు పట్టడానికి అచ్చుతో అద్దిన పటికలో ఎక్కువైంది కొట్టుకుపోవాలి. ఆర్డరు గడువు దగ్గరపడిందని యజమాని బోరునీళ్ళ తొట్టి కట్టించి, అందులో జాడించమన్నాడు. ఎప్పటిలాగే రాసేశాను. జాడింపు పని చూసే పెద్దావిడను మేమంతా పిన్ని అంటాం. ఆవిడ వేలిముద్ర వేస్తూ అంది, "తొట్లో వద్దు బాబూ. నీళ్ళు కదలకపోతే పటిక మళ్ళీ బట్టకే పట్టుద్ది. తెలుపంతా ఎర్రబడుద్ది. అయ్యగారికి చెప్పండి."

"అలాగే పిన్నీ" అని, వేలు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాను. చెప్పనూ లేదు, రాయనూ లేదు.

ఉడకబెట్టి ఆరేస్తే ఆవిడ అన్నట్టే అయింది. తెల్లగా ఉండాల్సిన చోటల్లా మాసిన ఎరుపు. యజమాని అందరినీ వరుసగా నిలబెట్టాడు. "జాడించడం చేతకాకపోతే రేపట్నుంచి రావొద్దు" అన్నాడు పిన్నితో.

"తొట్లో వద్దని చెప్పానయ్యా."

"ఎవరికి చెప్పావు? ఏవయ్యా, పుస్తకం తీసి చదువు."

'తొట్టిలో జాడించడానికి అందరూ ఒప్పుకున్నారు' అని చదివాను. కింద ఆవిడ వేలిముద్ర. చదువు రాని ఆ మనిషి పేజీకేసి చూసి, నాకేసి చూసింది. తిట్టినా బాగుండేది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, నిజం చెబితే నా ఉద్యోగం పోతుందని భయమేసింది.

"ఆవిడ వద్దంది సార్. నేనే రాయలేదు. అసలు మీటింగే పెట్టలేదు" అన్నాను.

"అయితే ఇప్పుడు రాయి" అని యజమాని లోపలికి వెళ్ళిపోయాడు. పిన్ని పనీ పోలేదు, నాదీ పోలేదు.

మరుసటి నెల బెంచీలు వేసి నిజంగానే మీటింగు పెట్టాం. ఎవరేమన్నారో అదే రాశాను. చివర్లో ఇంకుప్యాడు పిన్ని ముందుకు జరిపాను. ఆవిడ చెయ్యి ఒళ్ళోంచి తీయలేదు.

"ముందు పైకి చదవండి బాబూ."

అంతకుముందెప్పుడూ నన్ను ఆ మాట అడగలేదు. చదివాను. ఆవిడ పక్కనున్న అచ్చుల మేస్త్రీ వైపు తిరిగింది. అతను పుస్తకంలోకి వంగి, నేను చదివిందంతా మళ్ళీ చదువుకుని తలూపాకే ఆవిడ వేలు ఇంకులో ముంచింది.